టెక్ సందేహాలు: కారు మైలేజీ ఎందుకు పడిపోయింది?

ప్రశ్న: మాది ఆరేళ్ల పెట్రోలు కారు. లీటరుకు 17 కిలోమీటర్లు వచ్చేది. కొన్ని నెలలుగా 12 దాటడం లేదు. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు మార్పించాం. చెక్ ఇంజిన్ లైటు వెలగడం లేదు. సర్వీసు చేసినవాళ్లు అంతా బాగానే ఉందంటున్నారు. లోపం ఎక్కడుందో మనమే తెలుసుకునే మార్గం ఉందా?

జవాబు: ఉంది. ముందు ఆ 12 అనే అంకె ఎలా వచ్చిందో చూడండి. డ్యాష్‌బోర్డు చూపించే సగటు చాలా కార్లలో అసలు కంటే కాస్త ఎక్కువే ఉంటుంది. ట్యాంకు నిండా కొట్టించి, పంపు దానంతటదే ఆగగానే ట్రిప్ మీటర్‌ను సున్నా చేయండి. కనీసం మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ ఫుల్ ట్యాంకు కొట్టించండి. తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే నిజమైన మైలేజీ. ఈ మధ్య రెండు మూడు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలు పెరిగాయేమో కూడా గుర్తు చేసుకోండి. చల్లటి ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, వేడెక్కేలోపే ఆపేస్తే ప్రతిసారీ అదే ఖర్చు.

లెక్క సరిచూసినా 12 దగ్గరే ఉంటే, ఇక పార్టులు మార్చడం ఆపి ఇంజిన్ కంప్యూటర్‌ను (ఈసీయూ) అడగాలి. మీరు మార్పించిన ఎయిర్ ఫిల్టర్‌నే తీసుకోండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోలు కార్లలో అది మూసుకుపోతే పికప్ తగ్గుతుంది గానీ మైలేజీ పెద్దగా మారదు. వచ్చిన గాలి ఎంతో సెన్సార్ చెబుతుంది, దానికి సరిపడా పెట్రోలునే ఈసీయూ వదులుతుంది. ఊహ మీద పార్టులు మారిస్తే డబ్బు పోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

స్టీరింగ్ కింద ఈసీయూ సమాచారం చదివేందుకు 16 పిన్నుల ఓబీడీ పోర్టు ఉంటుంది. దానికి ఈఎల్‌ఎం327 రకం బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఫోన్‌లో టార్క్ లేదా కార్ స్కానర్ యాప్ వేసుకోండి. ఐఫోన్ అయితే వైఫై లేదా బ్లూటూత్ 4.0 అడాప్టర్ చూసి కొనండి. లైటు వెలగకపోయినా లైవ్ డేటా వస్తుంది. బండి నడుపుతూ ఫోన్ చూడకండి, పక్కన కూర్చున్నవాళ్లకు ఇవ్వండి.

మొదట కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత చూడండి. పది పదిహేను నిమిషాలు నడిపాక చాలా కార్లలో అది 90 డిగ్రీల దగ్గర నిలబడాలి. ట్రాఫిక్‌లో 85కు చేరి, ఖాళీ రోడ్డు మీద వేగం అందుకోగానే 65, 70కి జారిపోతోందంటే కూలెంట్ ప్రవాహాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందని అర్థం. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ అదనంగా పెట్రోలు పోస్తూనే ఉంటుంది. దీనికి ఈసీయూలో పీ0128 అనే లోపం కోడ్ ఉంది గానీ అది ప్రతిసారీ పడదు. చాలా కార్లలో ఇప్పుడు ఉష్ణోగ్రత ముల్లే లేదు కాబట్టి ఈ లోపం నెలల తరబడి ఎవరి కంటా పడదు. నేనైతే అన్నిటికంటే ముందు దీన్నే అనుమానిస్తాను.

ఉష్ణోగ్రత సరిగ్గా ఉంటే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. తన లెక్క కంటే ఎంత పెట్రోలు ఎక్కువో తక్కువో పోయాల్సి వస్తోందని ఈసీయూ చెప్పే శాతం అది. సున్నాకు అటూ ఇటూ 5 వరకు మామూలే. 10 దాటితే ఎక్కడో తేడా ఉన్నట్టే. మైనస్ 12 అని ఉంటే పెట్రోలు ఎక్కువై ఈసీయూ కోత పెడుతోందని అర్థం: కారుతున్న ఇంజెక్టర్ కావచ్చు, ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌కు పంపే పర్జ్ వాల్వ్ మూసుకోకపోవడం కావచ్చు. ప్లస్ 15 ఉండి ప్లగ్‌లు మాత్రం నల్లగా మసిబారి ఉంటే, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సార్‌ను అనుమానించండి. మిశ్రమంలో పెట్రోలు చాలడం లేదని అది తప్పుడు కబురు పంపుతుంటే, ఈసీయూ దాన్ని నమ్మి ఇంకా పోస్తుంది. ఆ సెన్సార్‌కు ముందు సైలెన్సర్ పైపు ఎక్కడైనా లీకవుతున్నా ఇదే జరుగుతుంది. కాబట్టి సెన్సార్ కొనే ముందు పైపు చూపించండి. ప్లస్ ఉండి ప్లగ్‌లు శుభ్రంగా ఉంటే గాలి లీకు లేదా మురికి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సార్ కావచ్చు.

అంకెలన్నీ సక్రమంగా ఉన్నాయంటే తప్పు ఇంజిన్‌ది కాదు, చక్రాల వైపు వెళ్లండి. బ్రేకులు పెద్దగా వాడకుండా కాసేపు నడిపి ఆపాక, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకవద్దు. ఒకటి మిగతావాటికంటే బాగా సెగ కొడుతుంటే ఆ బ్రేకు పట్టేస్తోంది. మైలేజీ సంగతి అటుంచి, అది ప్రమాదం కూడా, వెంటనే చూపించండి. టైర్లలో గాలి ఉదయం, బండి కదలక ముందు, డోరు దగ్గరి స్టిక్కర్ ప్రకారం పట్టించండి. టైరు పక్కన అచ్చువేసి ఉండేది గరిష్ఠ పీడనం, మీరు పెట్టాల్సింది కాదు. సర్వీసులో పోసిన ఇంజిన్ ఆయిల్ గ్రేడ్ (చిక్కదనాన్ని చెప్పే అంకె) కూడా మాన్యువల్‌తో సరిచూడండి. 0డబ్ల్యూ-20 అడిగే ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే మైలేజీ తగ్గుతుంది, ఇంజిన్‌కూ మంచిది కాదు.

ప్రశ్న: ఓబీడీ పోర్టుకు పెడితే పెట్రోలు ఆదా అవుతుందని ఆన్‌లైన్‌లో చిన్న డివైజ్ అమ్ముతున్నారు. పనిచేస్తుందా?

జవాబు: కొనకండి. విప్పి చూసిన అలాంటి వాటిలో చాలావరకు మెరిసే ఎల్‌ఈడీలు తప్ప ఈసీయూతో మాట్లాడే ఏర్పాటే కనిపించలేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇంధనం ఆదా చేస్తామనే రకరకాల పరికరాలను వందకు పైగా పరీక్షించింది. మైలేజీ పెంచినవి బహుకొద్ది, ఆ పెరుగుదల కూడా స్వల్పమే. అదే పోర్టుకు పైన చెప్పిన అడాప్టర్ పెట్టుకోండి. పని అయ్యాక తీసేయండి, వదిలేస్తే రోజుల తరబడి ఆగి ఉన్న కారు బ్యాటరీ దిగిపోవచ్చు.