ముందు శిల్పం, తర్వాతే హోటల్

చి. అమ్మడికి, అల్లుడుగారికి,

పిన్ని దీవెనలు. మంచి హోటల్లో దిగాలని నీకు, ఊళ్ళో శిల్పాలన్నీ చూడాలని ఆయనకి, తిండి దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట అని రాశావు. మీ బాబాయీ నేనూ అచ్చం ఇలాగే తిరిగాం కాబట్టి మా పద్ధతి చెప్తాను. చూడాల్సినవి ముందు ఖాయం చేసుకుని, వాటికి నడిచి వెళ్ళేంత దూరంలో గది తీసుకోండి. చాలామంది దీన్ని తిరగేస్తారు. ఊరి చివర పేరున్న రిసార్ట్ బుక్ చేసుకుని, సగం రోజు టాక్సీలో గడుపుతారు.

మీరు చికాగో అనుకుంటున్నారు కదా, ఊరి నడిబొడ్డున లూప్ అనే ప్రాంతంలో గది చూడండి. మిలీనియం పార్కులో అనీష్ కపూర్ ‘క్లౌడ్ గేట్’, డేలీ ప్లాజాలో 1967 నాటి పికాసో శిల్పం, ఫెడరల్ ప్లాజాలో కాల్డర్ ఎర్రటి ‘ఫ్లమింగో’ అన్నీ కాలినడకన అయిపోతాయి. ‘క్లౌడ్ గేట్’ చిక్కుడుగింజలా ఉంటుంది, అందుకే దాన్ని అక్కడ అందరూ బీన్ అనే అంటారు. దాని దగ్గరికి పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే సెల్ఫీల వాళ్ళ మధ్య నిలబడడానికి చోటుండదు. 168 స్టీలు పలకల్ని అతికించి అద్దంలా పాలిష్ పట్టారు, అతుకు ఎక్కడుందో వెతకండి చూద్దాం! కమాను కిందికెళ్ళి తలెత్తితే మీరిద్దరూ సాగిపోయి, వంకర తిరిగి, ఒకేసారి నాలుగైదు చోట్ల కనిపిస్తారు. పక్కనే ‘క్రౌన్ ఫౌంటెన్’ ఉంది. గాజు ఇటుకలతో కట్టిన రెండు 50 అడుగుల బురుజుల మీద ఊరి జనం ముఖాలు వీడియోలో వస్తుంటాయి, వాళ్ళ నోళ్ళలోంచి నీళ్ళు చిమ్ముతాయి. చలికాలంలో వెళ్తే ముఖాలే ఉంటాయి, నీళ్ళుండవు.

గోడల మీద బొమ్మల సంగతి వేరు. మెల్బోర్న్‌లో గోడబొమ్మలకి పేరున్న హోసియర్ లేన్ అనే సందులో ఇవాళ చూసింది వచ్చే వారం ఉండకపోవచ్చు, దాని మీద ఇంకొకరు వేసేస్తారు. పాత ఫోటో పట్టుకుని వెతక్కండి.

హోటల్లో దిగేటప్పుడు డిపాజిట్‌కి క్రెడిట్ కార్డే ఇవ్వండి. డెబిట్ కార్డు ఇస్తే మీ ఖాతాలో డబ్బు ఆపేస్తారు, ఖాళీ చేశాక కూడా వెంటనే వదలరు, ప్రయాణం మధ్యలో ఆ టెన్షన్ ఎందుకు? కోటు కాలరుకి అడ్డంగా రెండు బంగారు తాళంచెవుల గుర్తు పెట్టుకున్న కాన్సియర్జ్, అంటే అతిథులకి ఏర్పాట్లు చూసిపెట్టే ఉద్యోగి, ఉంటే మీ పంట పండినట్టే. 1929లో పారిస్‌లో మొదలైన ‘లే క్లే దోర్’ సంఘం సభ్యులు వాళ్ళు. మీరు వెళ్ళక ముందే మెయిల్ పెట్టండి. మంచి రెస్టారెంట్ చెప్పమని కాదు, మధ్యాహ్నం ఫలానా శిల్పం దగ్గర ఉంటాం, నడిచి వెళ్ళేలా టేబుల్ చూడండి అని అడగండి. పెద్ద రెస్టారెంట్లకి రాత్రికన్నా మధ్యాహ్నమే మేలు. వంటగది అదే, బిల్లు మాత్రం చాలాచోట్ల తక్కువవుతుంది. మిషెలిన్ గైడు వాళ్ళు రెస్టారెంట్లకి స్టార్ ఇచ్చేది పళ్ళెంలో ఉన్నదానికే, హంగులకి కాదు. అంత ఖర్చు వద్దనుకుంటే వాళ్ళదే ‘బిబ్ గూర్మాండ్’ జాబితా చూడండి, అవి తక్కువ ఖర్చులో మంచి భోజనం పెట్టే చోట్లు.

ఇంకో మాట, గదికి అంత పోసి రాత్రి నిద్రకే వాడుకుంటే దండగ. పొద్దున ఆయన చెప్పిన దారిలో తిరగండి, మూడింటికల్లా వెనక్కి వచ్చేసి సాయంత్రం నీ ఇష్టానికి వదిలేయమను. ముందే ఒప్పందం చేసుకోండి, మూడో రోజుకి కాళ్ళు నొప్పెట్టాక మాటలు పెరుగుతాయి.

మీ ఇద్దరి సరదా ఒక్కచోటే తీరాలంటే జపాన్‌లోని నవోషిమా దీవికి వెళ్ళండి. ఆర్కిటెక్టు తడావో ఆండో కట్టిన ‘బెనెస్సె హౌస్’ 1992 నుంచి అటు హోటలూ ఇటు మ్యూజియమూ. గదుల్లో టీవీ ఉండదు, అల్లుడుగారు గమనించాలి. కళాకారిణి యాయోయి కుసామా చేసిన పసుపు గుమ్మడికాయ శిల్పం అక్కడే ఉంది. 2021 ఆగస్టు తుఫానుకి సముద్రంలోకి కొట్టుకుపోతే, 2022లో మళ్ళీ పెట్టారు. అదే దీవిలో ఉన్న చిచూ మ్యూజియానికి టైము ప్రకారం టికెట్ ముందే తీసుకోవాలి, సోమవారాలు మూసేస్తారు. తేదీలు అనుకున్నాక ఒకసారి ఫోన్ చెయ్యి, బుక్ చేసే ముందే చూద్దాం.

మీ పిన్ని