జేబు కాంపాక్టా, మొదటి మిర్రర్‌లెస్సా? రెండూ వాడిన అనుభవంతో నా సమాధానం

శ్రీకాకుళంలో ఉంటున్న మీరు, ఫోన్ ఫొటోలతో తృప్తి కలగడం లేదని, ఇంట్లో జరిగే శుభకార్యాలకు, ఊరి జాతరకు, చలికాలంలో తేలినీలాపురం పక్షులకు, ఈ మూడింటికీ పనికొచ్చే కెమెరా కావాలని రాశారు. ఒక అంగుళం సెన్సార్ (వెలుగును పట్టి ఫొటోగా మార్చే చిప్) ఉన్న జేబు కాంపాక్ట్ కొనాలా, దాదాపు అదే ధరకు కిట్ లెన్స్‌తో కలిపి వచ్చే, లెన్స్ మార్చుకోగల ప్రారంభ స్థాయి మిర్రర్‌లెస్ కొనాలా అన్నది మీ సందేహం. నేను విజయనగరంలో జూనియర్ కళాశాల విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను. ఆరేళ్లపాటు అలాంటి కాంపాక్ట్‌నే వాడాను. రెండేళ్లుగా ఏపీఎస్-సీ అనే, ఇంకా పెద్ద రకం సెన్సార్ ఉన్న మిర్రర్‌లెస్ వాడుతున్నాను. కాంపాక్ట్‌ను ఇప్పటికీ అమ్మలేదు, అమ్మే ఉద్దేశం కూడా లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏడాదిలోగా రెండో లెన్స్ కొనే ఉద్దేశం, దానికి తగిన డబ్బు మీకు ఉంటేనే మిర్రర్‌లెస్ తీసుకోండి. పెట్టెలో వచ్చిన కిట్ లెన్స్‌తోనే చివరిదాకా సరిపెట్టుకునేట్టయితే, మంచి కాంపాక్టే మీకు ఎక్కువ పనికొస్తుంది. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. కిట్ లెన్స్‌తో మొదటి ఏడాది గడిపాక నాకు నేనుగా తెలుసుకున్నాను.

ముందుగా ఒక జాగ్రత్త. కాంపాక్ట్ అనే పేరుతో తక్కువ ధరకు దొరికేవాటిలో చాలావాటి సెన్సార్ సుమారు 6.2 × 4.6 మి.మీ. మాత్రమే, అంటే 28 చదరపు మి.మీ. ఈ రోజుల్లో మంచి ఫోన్లలోని ప్రధాన సెన్సార్లు అంతకంటే పెద్దవి కాబట్టి వాటి జోలికి వెళ్లవద్దు. మీరు అడిగిన "ఒక అంగుళం" రకం వేరు. దాని కొలత 13.2 × 8.8 మి.మీ.; పాతకాలపు వీడియో కెమెరా ట్యూబుల లెక్క నుంచి వచ్చిన పేరే తప్ప, అందులో నిజంగా అంగుళం పొడవున్న భాగమేదీ లేదు. వైశాల్యం 116 చదరపు మి.మీ. నా మిర్రర్‌లెస్ సెన్సార్ 22.3 × 14.9 మి.మీ., అంటే 332 చదరపు మి.మీ. కాంపాక్ట్ కంటే దాదాపు మూడు రెట్లు పెద్దది. ఈ మూడు రెట్ల మాటను చూసే నేను కూడా రాత్రి ఫొటోలు మూడు రెట్లు బాగుంటాయని అనుకున్నాను.

మా అమ్మగారి ఊళ్లో అమ్మవారి పండుగ రాత్రి తప్పెటగుళ్లు ఆడించారు. గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో పదిహేనుమంది గుండ్రంగా గెంతుతూ పాడుతుంటే, ఆ గెంతును నిలబెట్టి పట్టాలంటే షట్టర్ వేగం సెకనులో 250వ వంతుకు తగ్గకూడదు. వెలుగు మాత్రం రెండు ఫ్లడ్ లైట్లది. నేను రెండు కెమెరాలూ పట్టుకెళ్లాను. కాంపాక్ట్ లెన్స్ జూమ్ చివరిదాకా లాగినా ఎఫ్ 2.8 వరకు తెరుచుకుంటుంది (ఈ అంకె ఎంత తక్కువైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకున్నట్టు) కాబట్టి ఐఎస్‌ఓ 1600 సరిపోయింది. ఐఎస్‌ఓ అంటే వెలుగు చాలనప్పుడు కెమెరా పెంచుకునే సున్నితత్వం; అది పెరిగేకొద్దీ ఫొటో గరుకవుతుంది. మిర్రర్‌లెస్‌కు తగిలించిన 18-45 మి.మీ. కిట్ లెన్స్ జూమ్ చివర ఎఫ్ 6.3 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ సంఖ్య వర్గాన్ని బట్టి లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది, 6.3ను 2.8తో భాగించి వర్గం చేస్తే అయిదు వస్తుంది. అంటే అదే వెలుగులో, అదే షట్టర్ వేగానికి, దానికి ఐఎస్‌ఓ 8000 కావలసివచ్చింది. సెన్సార్ మూడు రెట్లు ఎక్కువ ఇచ్చింది, లెన్స్ అయిదు రెట్లు తీసేసుకుంది. ఇంటికి వచ్చి రెండు ఫొటోలనూ కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే, కాంపాక్ట్ ఫొటోలో ముందువరుస ఆటగాడి తప్పెటను బిగించిన తాడు పురి, మెడ మీది చెమట విడివిడిగా కనిపించాయి. మిర్రర్‌లెస్ ఫొటోలో అదే తాడు మచ్చలమచ్చల గీతగా మారిపోయింది. ఖరీదైన కొత్త కెమెరా ముందు పాత జేబు కెమెరా గెలవడం చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు.

మరుసటి ఏడు అదే పండుగకు 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్‌తో వెళ్లాను. ఐఎస్‌ఓ 640కి దిగింది. ఆ ఫొటోల్లో గజ్జెల మీద వెలుగు చుక్కలు కూడా లెక్కపెట్టవచ్చు. వెనక జనం మెత్తగా కరిగిపోయి ఆటగాడు ఒక్కడే ముందుకు వచ్చినట్టు ఉంటాడు. కాంపాక్ట్‌కు ఇది ఎన్నటికీ సాధ్యం కాదు, ఎందుకంటే దాని లెన్స్‌ను మార్చలేము. మిర్రర్‌లెస్ అసలు బలం దాని సెన్సార్‌లో కంటే, ముందు భాగం ఊడదీసి ఇంకొకటి పెట్టుకోగలగడంలో ఉందని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

అయితే ఆ 50 మి.మీ. లెన్స్‌కు ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచకూడదు. ఏపీఎస్-సీ మీద అది ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ ఫ్రేమంత సెన్సార్) లెక్కలో 80 మి.మీ. అంత దగ్గరగా చూపిస్తుంది. బారసాలలోనో, సీమంతంలోనో, పది అడుగుల గదిలో పీట మీద కూర్చున్నవాళ్లనూ చుట్టూ ఉన్న ముత్తైదువలనూ ఒకే ఫొటోలో పట్టాలంటే వెనక్కి జరగడానికి గోడ అడ్డం వస్తుంది. అక్కడ కిట్ లెన్సే వాడాలి, దాని చీకటిని భరించాలి, లేదా ఫ్లాష్ పెట్టుకోవాలి. కదలకుండా కూర్చున్నవాళ్లకు కిట్ లెన్స్‌లోని చేతి వణుకును సరిచేసే ఏర్పాటు బాగా సాయపడుతుంది. దీపాల వరుసను సెకనులో పదిహేనో వంతుకు చేత్తో పట్టుకునే తీశాను. పిల్లలు పరుగెత్తితే మాత్రం ఆ ఏర్పాటు ఏమీ చేయలేదు. ఇంట్లో జరిగే శుభకార్యాల వరకే అయితే, వైడ్ వైపు ఎఫ్ 1.8 వరకు తెరుచుకునే కాంపాక్ట్ నిజంగా సుఖం.

జాతర సంగతికి వస్తే, పగటి జాతర వేరు, రాత్రి జాతర వేరు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. మూడులాంతర్ల దగ్గరి గుడికీ కోటకూ మధ్య సిరిమాను (పూజారిని పైన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) మూడుసార్లు తిరుగుతుంది, జనం కిక్కిరిసి ఉంటారు. భుజాన సంచితో ఒకసారి ఆ జనంలోకి వెళ్లి, లెన్స్ మార్చడం మాట అటుంచి, చేయి పైకెత్తడానికే అవస్థపడ్డాను. చొక్కా జేబులో కాంపాక్ట్‌తో వెళ్లిన ఏళ్లలోనే నాకు మంచి సిరిమాను ఫొటోలు దక్కాయి. వెలుగు బాగా ఉన్నప్పుడు ఈ రెండు కెమెరాల ఫొటోల మధ్య తేడాను ఆల్బంలో ఎవరూ పోల్చలేరు. ఒక్క విషయం చూసుకోండి: మధ్యాహ్నపు ఎండలో వెనక తెర ఏమీ కనిపించదు, అందుచేత కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ ఉన్న మోడల్‌నే తీసుకోండి. కాంపాక్ట్‌లలో కొన్నింటికి అది ఉండదు. వీడియోల కోసం చేసిన మిర్రర్‌లెస్‌లలో, ఉదాహరణకు సోనీ జెడ్‌వీ-ఇ10లో కూడా, ఉండదు.

పక్షుల విషయంలో మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. తేలినీలాపురంలో గూడబాతులు, అంటే పెలికాన్‌లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు పెడతాయి కాబట్టి, వేరే చోట్ల కంటే దగ్గరగానే కనిపిస్తాయి. అయినా ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 70 మి.మీ. దాకా వెళ్లే నా కాంపాక్ట్‌తో మొదటిసారి తీసినప్పుడు చింతకొమ్మల మీద తెల్లటి చుక్కలు తప్ప ఏమీ రాలేదు. తర్వాత 55-210 మి.మీ. లెన్స్‌తో వెళ్లాను, ఏపీఎస్-సీ మీద అది 336 మి.మీ. అంత దూరం లాగుతుంది. ఎండ ముదిరిన వేళ ఒక తల్లి కొంగ గూటి అంచున నిలబడి, రెక్కలు రెండూ గొడుగులా విప్పి, కింద ముడుచుకున్న పిల్లల మీద నీడ పడేట్టు పట్టుకుంది. రెక్కల అంచున ఉన్న నల్లటి ఈకలు, పిల్ల నోరు తెరిచి రొప్పుతున్న తీరు ఆ ఫొటోలో స్పష్టంగా ఉన్నాయి. అదే గూటి దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. ఆ లెన్స్ జూమ్ చివర ఎఫ్ 7.1 మాత్రమే, కాబట్టి పొద్దెక్కాకనే దానితో పని. నికాన్ వాళ్ల 50-250 మి.మీ. లెన్స్ కూడా ఇదే కోవలోది. అదే ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 200 మి.మీ. దాకా జూమ్ ఉన్న కాంపాక్ట్‌లూ ఉన్నాయి; సోనీ ఆర్‌ఎక్స్ 100 శ్రేణిలో 2019లో వచ్చిన ఏడో మోడల్ అటువంటిది. దానితో గూడు కనిపిస్తుంది, పిల్ల కన్ను కనిపించదు. పైగా అంత జూమ్ కోసం లెన్స్ జూమ్ చివర ఎఫ్ 4.5కు తగ్గింది, అంటే రాత్రి జాతరలో కాంపాక్ట్‌కు ఉన్న లాభం కొంత పోతుంది.

బరువు చెప్పాలి కదా. ఆ సోనీ కాంపాక్ట్ 302 గ్రాములు. మిర్రర్‌లెస్‌లలో కానన్ ఆర్50 బాడీ బ్యాటరీతో 375 గ్రాములు, కిట్ లెన్స్ 130, 50 మి.మీ. లెన్స్ 160, 55-210 లెన్స్ 270. అన్నీ కలిపితే కిలోకు కాస్త తక్కువ. మోయలేనిదేమీ కాదు, కానీ జేబులో పట్టదు. కూరగాయలకు వెళ్తూ కూడా వెంట తీసుకెళ్లేది జేబులో పట్టేదే.

మనవి సముద్రపు గాలి తగిలే జిల్లాలు కాబట్టి ఇంకొక సంగతి వివరంగా చెప్పాలి. కళింగపట్నం తీరాన గాలి వీస్తుండగా కాంపాక్ట్‌తో అరగంటసేపు తీశాను. ఆపేటప్పుడు లోపలికి ముడుచుకోవలసిన లెన్స్ గొట్టం సగంలో కరకరమని ఆగిపోయింది. ఇసుక రేణువు ఒకటి గొట్టానికీ అంచుకూ మధ్య ఇరుక్కుంది. కాంపాక్ట్‌లో లెన్స్ ఆగితే కెమెరా మొత్తం ఆగినట్టే. విశాఖపట్నంలో ఒక మరమ్మతు దుకాణంలో ఇస్తే మూడు వారాలు పట్టింది, సొంత ధరలో నాలుగోవంతు ఖర్చయింది. జేబులోని నూలు పోగులు, దుమ్ము కూడా మెల్లగా లోపలికి చేరతాయి, వాటిని ఇంట్లో శుభ్రం చేసే వీలు లేదు. అందుకే ఇప్పుడు దాన్ని జిప్ ఉన్న చిన్న సంచిలో పెట్టి, ఆ సంచిని జేబులో పెడుతున్నాను. మిర్రర్‌లెస్‌లో దుమ్ము వేరే దారిలో వస్తుంది: లెన్స్ మార్చేటప్పుడు సెన్సార్ మీద పడి, ఆకాశంలో బూడిదరంగు మచ్చలుగా కనిపిస్తుంది. కెమెరా ఆపి, నోరు కిందికి ఉండేట్టు పట్టుకుని, గాలి లేని చోట మారిస్తే చాలావరకు పడదు. పడినా రబ్బరు బ్లోయర్‌తో గాలి కొడితే పోతుంది. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది.

తేమ వల్ల లెన్స్ లోపల బూజు పట్టడం రెండింటికీ ఉన్న ప్రమాదమే. గాలి చొరని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు, ఒక చిన్న తేమ మీటర్ వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేట్టు చూసుకోండి. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం అన్నిటికంటే చెడ్డది. మా బావమరిది లెన్స్ ఒకటి రెండు వానాకాలాల్లో అలాగే పోయింది.

వీడియో గురించి మీరు అడగలేదు కాబట్టి వదిలేస్తున్నాను.

మీరు చెప్పిన మూడు అవసరాల్లో పక్షులు ఉన్నాయి కనుక, నా సలహా మిర్రర్‌లెస్. పక్షులు లేకపోతే, సంచి మోయడం మీకు విసుగనిపిస్తే, ఏ మొహమాటమూ లేకుండా కాంపాక్ట్ అని చెప్పేవాణ్ణి. ఇటీవల కాంపాక్ట్‌లకు గిరాకీ పెరిగి ధరలు ఎక్కువయ్యాయి, సెకండ్ హ్యాండ్‌లో కొంటే లెన్స్‌ను పదిసార్లు బయటికి లోపలికి తిప్పించి శబ్దం వినండి. మిర్రర్‌లెస్ అయితే డబ్బంతా బాడీ మీద పెట్టవద్దు. ఒక తరం పాత బాడీ తీసుకుని మిగిలినదానితో 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్‌ను అదే రోజు కొనండి. దుకాణానికి మీ సొంత మెమరీ కార్డు తీసుకెళ్లి, కిట్ లెన్స్‌తో ఒకటి, 50తో ఒకటి, దుకాణంలోని చీకటి మూలను తీసి ఇంట్లో పెద్దవి చేసి చూసుకోండి. జూమ్ లెన్స్‌కు తొందర లేదు. పక్షులు సెప్టెంబరు, అక్టోబరుల్లో రావడం మొదలై, మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి; గూళ్లలో పిల్లలు కనిపించే చలికాలం నాటికి అది మీ చేతికి వస్తే చాలు.