చీమకుర్తి రాయి గ్రానైట్ అవునా, కాదా?

సందేహం: కొత్తింటికి చీమకుర్తి నుంచి బ్లాక్ గెలాక్సీ పలకలు తెప్పించాం. ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయి అది అసలు గ్రానైటే కాదంటున్నాడు. ఆ మాటకు అర్థమేమిటి? ఎక్కడి నుంచి వచ్చింది? మా వైపు కొందరు గ్రానేట్ అంటారు, కొందరు గ్రానైట్ అంటారు. ఏది సరైనది? 'గ్రానైట్ రాయి' అనడం తప్పా? – ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి చెప్పింది శాస్త్రం ప్రకారం నిజం. మీరు అంటున్నదీ తప్పు కాదు. మాట పుట్టుక తెలిస్తే రెండూ ఎలా కుదురుతాయో మీకే తెలుస్తుంది.

ఇటాలియన్‌లో 'గ్రానితో' అంటే గింజలు గింజలుగా ఉన్నది అని అర్థం. దానికి మూలం గింజ అనే అర్థమున్న లాటిన్ మాట 'గ్రానుమ్'. ఇంగ్లీషులోకి ఇది 17వ శతాబ్దంలో వచ్చింది. అంటే రాతిలో ఏ ఖనిజముందో ఈ పేరు చెప్పదు. కంటికి రవ్వరవ్వగా కనిపిస్తుందని మాత్రమే చెబుతుంది.

ఈ 'గ్రానుమ్' సంతానం పెద్దది. ధాన్యమనే అర్థంలో వాడే 'గ్రెయిన్' దాని నుంచి వచ్చిందే. మన ప్రకాశం జిల్లా రైతులకు బాగా దగ్గరిది మరొకటుంది: 'బెంగాల్ గ్రామ్', అంటే శనగ. పోర్చుగీసువాళ్లు గింజను 'గ్రావ్' అంటారు. ఆ మాటే మన దేశంలో ఇంగ్లీషువాళ్ల నోట 'గ్రామ్' అయి శనగకూ పెసరకూ మినుముకూ ఉలవకూ అంటుకుంది. చీమకుర్తి రాయికీ, మన నల్లరేగడి చేలల్లో పండే శనగకూ ఇంగ్లీషులో పేరు ఒకే గింజ నుంచి వచ్చిందన్నమాట. తూకంలో వాడే గ్రాము మాత్రం వేరు, అది గ్రీకు నుంచి వచ్చింది. 'గ్రానుమ్'కూ సంస్కృతంలోని 'జీర్ణ'కూ ధాతువు ఒకటేనని భాషావేత్తలు చెబుతారు. అరగడం, నలగడం అనేది ఆ ధాతువుకు అర్థం.

ఇక మీ అబ్బాయి మాటకొద్దాం. భూగర్భశాస్త్రం ఎదిగాక పాత పేర్లకు హద్దులు గీసింది. గ్రానైట్ అనాలంటే రాయి భూమి లోపల నిదానంగా చల్లారి గట్టిపడినదై ఉండాలి. అందులో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ ప్రధానంగా ఉండాలి. వాటితోపాటు అభ్రకం వంటివి కొద్దిగా ఉంటాయి. ఈ మూడు ఖనిజాలూ నెల్లూరు సీమలో సైదాపురం, గూడూరు వైపు గనుల్లో విడివిడిగా దొరుకుతాయి కాబట్టి మనకు కొత్తవేం కాదు. చీమకుర్తి రాయి కూడా అలా లోపల చల్లారినదే గానీ, దానిలో పలుగు లెక్కలోకి రానంత తక్కువ. అది గాబ్రో జాతి రాయి. ఒకసారి మీ పలక మీద కాసిని నీళ్లు చల్లి, ఎండలో పక్కనుంచి చూడండి. ఒక వాలులో రాగి, బంగారు ఛాయల రవ్వలు మెరుస్తాయి, కాస్త పక్కకు జరిగితే ఆరిపోతాయి. అవి బ్రాంజైట్ అనే ఖనిజపు రవ్వలు. ఆ మెరుపులు చూసే గెలాక్సీ అని పేరు పెట్టారు. గ్రీకులో 'గాల' అంటే పాలు. గెలాక్సీ అనే మాట పుట్టింది దాని నుంచే; ఆకాశంలోని ఆ నక్షత్రాల బాటనే మనం పాలవెల్లి అంటాం. నల్లరాతికి పాల పేరు కుదరడం నాకెంతో ఇష్టమైన సంగతి.

అయితే వ్యాపారంలో గ్రానైట్ అంటే కోసి పాలిష్ పడితే అద్దంలా నిగనిగలాడే గట్టిరాయి ఏదైనా సరే. ప్రపంచమంతా రాతి వ్యాపారంలో వాడుక ఇదే. మాట మొదట్లో చెప్పింది కూడా రవ్వల సంగతే కనుక, వ్యాపారుల వాడుకను అజ్ఞానమని కొట్టెయ్యడానికి నేను ఒప్పుకోను. అబ్బాయి పరీక్షలో గాబ్రో అని రాయాలి, మీరు బిల్లులో గ్రానైట్ అని రాయించుకోవచ్చు.

ఉచ్చారణ విషయం: ఇంగ్లీషువాళ్లు పలికేది 'గ్రానిట్' అని. మనం స్పెల్లింగు చూసి గ్రానైట్ చేసుకున్నాం. పత్రికలూ పుస్తకాలూ దాన్నే స్థిరపరిచాయి కాబట్టి రాతలో గ్రానైట్ అనే రాయండి. మాటల్లో గ్రానేట్ అన్నా ఎవరూ తప్పు పట్టనక్కర్లేదు.

'గ్రానైట్ రాయి' నిక్షేపంగా అనవచ్చు. నాపరాయి, పలుగురాయి, సుద్దరాయి అన్నట్టు జాతి పేరుకు రాయి చేర్చడం తెలుగుకు సహజం. దీనికి అచ్చతెలుగు మాట వెతకాల్సిన పని లేదు. 'నల్లరాయి' అందామంటే ఎర్ర గ్రానైట్, తెల్ల గ్రానైట్ కూడా ఉన్నాయి కదా!