ఫజీ లాజిక్ ప్రాజెక్టు చేస్తే అబ్బాయి వెనకబడతాడా?

ప్రశ్న: మాది పొదలకూరు. అబ్బాయి నెల్లూరులో బీటెక్ సీఎస్ఈ మూడో ఏడాది చదువుతున్నాడు. మాటల్లో చెప్పే వర్ణనను బట్టి కంప్యూటర్ ఫొటోలను గుర్తుపట్టేలా ఫజీ లాజిక్‌తో ప్రాజెక్టు చేస్తానంటున్నాడు. అది పాతబడిందనీ, అప్పు చేసైనా డీప్ లెర్నింగ్ (ఉదాహరణల నుంచి కంప్యూటరే నేర్చుకునే పద్ధతి) కోర్సులో చేర్పించమనీ అందరూ అంటున్నారు. ఫీజు లక్ష దాకా ఉంది. ఏది మేలు?

జవాబు: మీ ప్రశ్నలో ‘అందరూ’ ఉన్నారు గానీ, అబ్బాయి ఈ అంశం ఎందుకు ఎంచుకున్నాడో ఒక్క ముక్క లేదండీ. ముందు వాణ్ణి కూర్చోబెట్టి అడగండి. పిల్లవాడు వెనకబడిపోతాడేమోననే కదా మీ దిగులు? ఈ ప్రాజెక్టు వల్ల వెనకబడడు. ధైర్యంగా ఉండండి.

ఫజీ లాజిక్‌కు పునాది అయిన ఫజీ సెట్ల గురించి లోట్ఫీ జాదే అనే శాస్త్రవేత్త రాసింది 1965లో. కాబట్టి పాతదే. అయితే మీ ఊళ్లో నిమ్మకాయలు ఏరేవాళ్లు ‘పసుపు తిరిగింది, మచ్చ తక్కువ, మొదటి రకం’ అంటారే, ఆ మాటలను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేసే పద్ధతి ఇది. ఫొటోలను పరిశీలించే ఓపెన్‌సీవీ అనే సాఫ్ట్‌వేర్‌లో హ్యూ, అంటే ఏ రంగో చెప్పే అంకె, 0 నుంచి 179 దాకా ఉంటుంది. పసుపు 30 దగ్గర, ఆకుపచ్చ 60 దగ్గర. పూర్తిగా అవునంటే 1, అసలు కాదంటే సున్నా. హ్యూ 30 అయితే ‘పసుపు’కు 1, 45కి సున్నా అని పెట్టుకుంటే, 36 వచ్చిన కాయ 0.6 మేర పసుపు. మచ్చలు 2 శాతంలోపు ఉంటే ‘తక్కువ’కు 1, 10 శాతానికి సున్నా అనుకుంటే, 4 శాతం ఉన్న కాయకు 0.75. రెండూ కలిస్తేనే మొదటి రకం కాబట్టి చిన్న విలువ తీసుకుంటారు: 0.6. ‘బాగా పసుపు’ కావాలంటే 0.6ను 0.6తోనే గుణిస్తారు, 0.36 వస్తుంది.

అసలు కష్టం ఫొటోల దగ్గర. ట్యూబ్‌లైటు కింద ఒక హ్యూ, ఎండలో ఒక హ్యూ. ఫోన్‌లో వెలుతురును బట్టి రంగులను దానంతటదే మార్చే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపకపోతే ఒకే కాయ రెండు రంగుల్లో పడుతుంది. తొక్క మీది మెరుపు మచ్చల లెక్కలో చేరిపోవచ్చు. ఓపెన్‌సీవీ రంగులను నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరసలో చదువుతుందని మరిచిపోతే పసుపు కాయ హ్యూ 90కి పోయి కూర్చుంటుంది. ఇలాంటివి సొంతంగా పట్టుకున్న కుర్రాడు ఇంటర్వ్యూలో తడబడడు.

డీప్ లెర్నింగ్ మీద నాకు అనుమానం లేదు. 2012లో అలెక్స్‌నెట్ అనే డీప్ లెర్నింగ్ మోడల్ వచ్చాక చిత్రాల గుర్తింపులో దానిదే పైచేయి, వాడూ నేర్చుకోవాల్సిందే. ఫజీకి హద్దులున్నాయి: ఐదు లక్షణాలు, ఒక్కోదానికి మూడు మాటలంటే 243 నియమాలవుతాయి. మనుషుల ముఖాలు ఇలా గుర్తుపట్టించలేం. నా అనుమానమంతా ఆ కోర్సుల మీదే. చాలావాటిలో సిద్ధంగా ఉన్న ఫొటోలు, సిద్ధంగా ఉన్న మోడల్ ఇచ్చి నడిపించమంటారు. మోడల్ ఎందుకు తప్పు చెప్పిందంటే పిల్లల దగ్గర జవాబుండదు. ఎవరో అన్నారని అప్పు చేసి మరీ వాణ్ణి అందులోకి తోయడం తప్పండీ, ఆ భారం రేపు వాడి మీదే పడుతుంది.

ఒక రెండు వందల కాయలు, తెల్ల అట్ట, ఒకటే బల్బు చాలు. ఏరేవాళ్లలో ఇద్దరిచేత విడివిడిగా రకం రాయించమనండి. ఇద్దరూ ఒప్పుకోని కాయలను పక్కకు తీయకుండా గుర్తుపెట్టుకోవాలి, ఫజీ పనికొచ్చేది అక్కడే. ఆ తర్వాత అవే ఫొటోల మీద చిన్న న్యూరల్ నెట్‌వర్క్ (డీప్ లెర్నింగ్‌లో వాడే మోడల్) కూడా నడిపి రెండింటినీ పోల్చాలి. ఒకే కాయ ఫొటోలు శిక్షణలోనూ పరీక్షలోనూ ఉంటే ఫలితం అబద్ధమవుతుంది.

అప్పటికీ కోర్సు కావాలని వాడే అంటే, పిల్లవాడు తెచ్చుకున్న ఫొటోల మీద ప్రాజెక్టు చేయిస్తారా అని ఫీజు కట్టకముందే అడగండి. కుదరదంటే లేచి వచ్చేయండి.