అమ్మడికి, కేంద్రం తెరిచే ముందు

అమ్మడూ,

పర్లాకిమిడిలో ఆడవాళ్ళకి ఫోను నేర్పే కేంద్రం పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది, రాత్రి నిద్రా పట్టలేదు. అద్దె కాగితం రాయించుకో. తెలుగులోనూ ఒడియాలోనూ నేర్పు.

వచ్చినవాళ్ళకి వారం వారం డబ్బు బహుమతి ఇస్తావట. అది మాత్రం వద్దు తల్లీ.

మా బడికి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఒక పిల్ల రోజూ సాయంత్రం ఉండిపోయేది. వాళ్ళ నాన్న సూరత్‌లో మగ్గం పనికి వెళ్ళాడు. ఆయనకు తెలుగులో ఉత్తరం టైపు చేసేది, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. ఊరి పేరులో 'ర్లా' పడిన రోజు చప్పట్లు కొట్టుకుంది. నేను మురిసిపోయి, అందరూ ఇలాగే రావాలని, వేగంగా టైపు చేసినవాళ్ళకి శనివారం పది రూపాయలు అన్నాను. గది నిండిపోయింది. ఆ పిల్ల కూడా ఉత్తరం పక్కన పెట్టి, ఒకే వాక్యం పదేపదే కొట్టడం మొదలుపెట్టింది. మూడు నెలలకి నా దగ్గర డబ్బు అయిపోయింది. సోమవారం గదిలో ఎవరూ లేరు. "నాన్నకి రాయవా అమ్మా?" అని అడిగితే, "ఇప్పుడు పందెం లేదు కదా మాస్టారూ" అంది.

చాలా ఏళ్ళ తర్వాత, మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డెసీ 1971లో రాసింది చదివాను. పజిళ్ళు విప్పే కాలేజీ విద్యార్థులకి డబ్బిచ్చి ఆపేస్తే, ఖాళీ సమయంలో వాటి జోలికి వెళ్ళడం తగ్గిందట. మనిషికి మూడు కావాలని ఆయనా, తోటి పరిశోధకుడు రిచర్డ్ రయానూ తేల్చారు: నా ఇష్టంతో చేస్తున్నానని, నాకు చేతనవునని, నావాళ్ళు ఉన్నారని అనిపించాలి. నా పది రూపాయలు మొదటిదాన్ని మింగేశాయి. ఓడిన పిల్లలకి రెండోదీ పోయింది.

మరి ఎలా రప్పించాలంటావా? ఉద్యోగులు కంప్యూటర్ ప్రోగ్రాంలు ఎందుకు వాడతారో ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు 1989లో పరిశీలిస్తే, సులువు కన్నా పనికొస్తుందన్న నమ్మకమే ఎక్కువ తూగింది. అందుకని మొదటి రోజే ఎవరికేం కావాలో అడుగు. ఒకామెకి కొడుకుతో వీడియో కాల్, ఇంకొకామెకి ఖాతాలో డబ్బెంతుందో చూసుకోవడం.

నీకు చిన్నప్పటి నుంచీ తొందరే. నా చేతిలో ఫోను లాక్కుని నువ్వే నొక్కేస్తావు. వాళ్ళ దగ్గర అలా చేశావంటే ఊరుకోను. పిన్ నంబరు వాళ్ళ వేలితో వాళ్ళే నొక్కాలి, ఎంత ఆలస్యమైనా సరే. ఇంకొకరి చేత నొక్కించుకునే అలవాటు పడితే ఎవరి చేతిలో మోసపోతారోనని నా భయం.

వేళకి తిను. పెద్దమ్మ అరిసెలు పంపుతోంది. ప్రారంభం రోజు నేనూ వస్తాను, ఆ పిల్ల ఉత్తరం ప్రింటు తెస్తాను. సగం వరకే ఉంది.

మీ పెదనాన్న