‘హిజ్’ రాయాలా, ‘దెయిర్’ రాయాలా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంగ్లీషు గ్రామర్‌లో మిగతావి ఫర్వాలేదు కానీ ప్రొనౌన్ల దగ్గర మాక్ టెస్టు రాసిన ప్రతిసారీ మార్కులు పోతున్నాయి. ‘ఎవ్రీవన్’ వచ్చిన చోట ఒక పుస్తకం ‘హిజ్’ కరెక్ట్ అంటుంది, ఇంకొకటి ‘దెయిర్’ కరెక్ట్ అంటుంది. నాకు టెక్నికల్ రైటింగ్ (యంత్రాలు, సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో రాసే పని) ఉద్యోగాల వైపు వెళ్లాలని ఉంది. ఇంత చిన్న విషయమే రానప్పుడు ఆ ఉద్యోగానికి పనికొస్తానా అని టెన్షన్‌గా ఉంది. గ్రామర్ మొత్తం మళ్లీ మొదటి నుంచి చదవమంటారా?

జవాబు: వద్దు. మొదటి నుంచి మొదలుపెడితే మీకు వచ్చినవే మళ్లీ చదువుతూ నెలలు గడిచిపోతాయి. మీ ఇబ్బంది ఉన్నది ఒక్క చోటే. అది ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే సగం తీరిపోతుంది.

ఈ మూడు వాక్యాలు చూడండి. రవి తన ఫైలు తెచ్చాడు. సీత తన ఫైలు తెచ్చింది. కంపెనీ తన లెక్కలు బయటపెట్టింది. మూడు చోట్లా ‘తన’ సరిపోయింది. మగవాళ్లా, ఆడవాళ్లా, సంస్థా అని మనం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అవే వాక్యాలు ఇంగ్లీషులో రాస్తే వరుసగా ‘హిజ్’, ‘హర్’, ‘ఇట్స్’ కావాలి. ఇక ‘ప్రతి ఒక్కరూ తమ ఫైలు తెచ్చుకోవాలి’ అంటాం. ‘ఒక్కరు’ అంటూనే ‘తమ’ అంటున్నాం, అయినా మన చెవికి తప్పుగా తగలదు. పుట్టినప్పటి నుంచి ఇలా మాట్లాడినవాళ్లు ఇంగ్లీషు రాసేటప్పుడు ప్రొనౌన్ దగ్గర ఆగి వెనక్కి చూడరు. ఇంగ్లీషు మాత్రం ప్రతిసారీ ఆగి చూడమంటుంది. ప్రొనౌన్ ఏ పేరుకు బదులుగా వచ్చిందో ఆ పేరునే ‘యాంటిసిడెంట్’ అంటారు. ఆ పేరు ఒకటైతే ప్రొనౌన్ ఏకవచనం, ఎక్కువైతే బహువచనం. రూల్ ఇంతే, ఇది మీకు ఎప్పుడో తెలుసు. కష్టమల్లా ఆ పేరును సరిగ్గా పట్టుకోవడంలోనే.

ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ‘ద బాక్స్ ఆఫ్ ఓల్డ్ ఫైల్స్ హ్యాజ్ లాస్ట్ ___ లేబుల్’ అని ఇచ్చి ఖాళీ నింపమంటే చాలామంది ‘దెయిర్’ పెడతారు, ఎందుకంటే దగ్గరలో కనిపించేది ‘ఫైల్స్’. ఇదే మాట తెలుగులో ఎలా అంటాం? ‘పాత ఫైళ్ల పెట్టెకు లేబుల్ ఊడిపోయింది’ అంటాం. తెలుగులో అసలు పేరు ఎప్పుడూ చివర ఉంటుంది, దాన్ని వర్ణించేవన్నీ ముందు వస్తాయి. అందుకే చివరి మాటనే పట్టుకోవడం మనకు అలవాటు. ఇంగ్లీషులో అసలు పేరు ముందే వచ్చేసి, ‘ఆఫ్’ తర్వాత దాని తోక మొదలవుతుంది. మన అలవాటు తోకను పట్టుకుంటుంది. అందుకే ‘ఆఫ్’ కనిపించగానే దాని వెనక ఉన్న మాటను చేత్తో మూసేసి, ముందున్నది చదవండి. ‘బాక్స్’ మిగిలింది, కాబట్టి ‘ఇట్స్’. ‘ఈచ్ ఆఫ్ ద మెషీన్స్ హ్యాజ్ ఇట్స్ ఓన్ స్విచ్’ అన్నదీ ఇలాంటిదే. మెషీన్లు ఎన్ని ఉన్నా ‘ఈచ్’ ఒకటే.

ఒక జాగ్రత్త. ‘ఏ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’ అంటే ‘చాలామంది విద్యార్థులు’ అని అర్థం, కాబట్టి అక్కడ ‘దెయిర్’ సరైనదే. ‘సమ్’, ‘ఆల్’, ‘మోస్ట్’ లాంటివి వచ్చినప్పుడు కూడా ‘ఆఫ్’ తర్వాతి మాటనే చూడాలి. ఈ చేత్తో మూసే పద్ధతి వాటికి పనికిరాదు.

ఇప్పుడు మీరు అడిగిన ‘ఎవ్రీవన్’ సంగతి. మీ రెండు పుస్తకాల్లో ఏదీ అబద్ధం చెప్పలేదు, అవి రెండు కాలాల మాటలు చెబుతున్నాయి. ఒక్కరి గురించి ‘దే’, ‘దెయిర్’ వాడటం ఇంగ్లీషులో 14వ శతాబ్దం నుంచీ ఉంది. షేక్‌స్పియర్ వాడారు, జేన్ ఆస్టిన్ వాడారు. 18వ శతాబ్దం నుంచి వ్యాకరణ పుస్తకాలు రాసినవాళ్లు అది తప్పని, అలాంటి చోట ‘హిజ్’ అని రాయాలని చెబుతూ వచ్చారు. 1850లో బ్రిటన్ పార్లమెంటు చట్టాల భాషకు సంబంధించి, పుంలింగ పదాలు స్త్రీలకూ వర్తిస్తాయని ఒక చట్టమే చేసింది. ఆ తర్వాత ‘హిజ్ ఆర్ హర్’ వచ్చింది. ఇప్పుడు గాలి మళ్లీ పాత వైపుకే తిరిగింది. పరిశోధన పత్రాలు ఎలా రాయాలో చెప్పే, విస్తృతంగా వాడే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలి పుస్తకం 2019లో వచ్చిన 7వ ఎడిషన్‌లో ఏకవచనపు ‘దే’ను ఆమోదించింది. అదే ఏడాది మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు ‘దే’ను ఆ సంవత్సరపు పదంగా ప్రకటించింది.

ఇది వింతగా అనిపిస్తే మన ‘మీరు’ను తలచుకోండి. అది బహువచనం, అయినా ఎదురుగా ఉన్న ఒక్క పెద్దాయనతో ‘మీరు ఎప్పుడొచ్చారు?’ అంటాం. మనిషి ఒక్కరే అయినా క్రియ బహువచనంలోనే ఉంటుంది. ఇంగ్లీషు ‘దే’ కూడా అంతే. ఒక్కరి గురించి వాడినా ‘దే ఆర్’ అనే రాయాలి, ‘దే ఈజ్’ అనకూడదు.

మరి మీరు ఏది పెట్టాలి? పరీక్ష అయితే, ఆ పరీక్ష నిర్వహించేవాళ్లు విడుదల చేసిన పాత ‘కీ’లు తీసి చూడండి. వాళ్లు ‘ఎవ్రీవన్’ను ఏకవచనంగా తీసుకుని ‘హిజ్’ లేదా ‘హిజ్ ఆర్ హర్’ సరైనదంటుంటే, ఆ హాల్లో ఉన్నంతసేపూ మీకూ అదే సరైనది. ‘వన్’తో మొదలైన వాక్యంలో చివరిదాకా ‘వన్స్’ అనే కొనసాగించడం కూడా అలాంటి చోట్ల ఆశిస్తారు. ఏది న్యాయమో అక్కడ వాదించే అవకాశం ఉండదు. ఉద్యోగంలో రాసేటప్పుడు మాత్రం గొడవే లేకుండా వాక్యాన్ని తిప్పేయొచ్చు. ‘ఎవ్రీ స్టూడెంట్ మస్ట్ బ్రింగ్ హిజ్ కార్డ్’ అనే బదులు ‘ఆల్ స్టూడెంట్స్ మస్ట్ బ్రింగ్ దెయిర్ కార్డ్స్’ అంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. నాకు నచ్చిన దారి ఇదే.

‘కమిటీ’, ‘టీమ్’ లాంటి మాటల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అమెరికన్ ఇంగ్లీషులో ‘ఇట్స్’, బ్రిటిష్ ఇంగ్లీషులో ‘ఇట్స్’, ‘దెయిర్’ రెండూ నడుస్తాయి. ఒకే పేరాలో కలగాపులగం చేయకండి. ‘నైదర్... నార్’ వచ్చినప్పుడు రెండో పేరును చూసి ప్రొనౌన్ పెట్టండి.

మీ అసలు భయం టెక్నికల్ రైటింగ్ గురించి కదా. ఒక యంత్రం మాన్యువల్‌లో ఈ వాక్యం ఉందనుకోండి: ‘రిమూవ్ ద ఫిల్టర్ ఫ్రమ్ ద పంప్ అండ్ క్లీన్ ఇట్’. వచనం సరిపోయింది, గ్రామర్ పరీక్షలో దీనికి మార్కులు పడతాయి. కానీ శుభ్రం చేయాల్సింది ఫిల్టర్‌నా, పంపునా? చదివినవాడు పంపు మీద నీళ్లు పోస్తే తప్పు అతనిది కాదు. తెలుగులో ‘పంపులోంచి ఫిల్టర్ తీసి శుభ్రం చేయండి’ అంటే ప్రొనౌనే అక్కర్లేకుండా విషయం తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ‘ఇట్’ పెట్టక తప్పదు కాబట్టి, పెట్టిన ప్రతిచోటా దాన్ని ఎన్ని పేర్లు లాక్కోగలవో లెక్కపెట్టుకోవాలి. ఒకటి దాటితే మొహమాటం లేకుండా పేరే మళ్లీ రాయండి: ‘క్లీన్ ద ఫిల్టర్’. చెప్పిన మాటే మళ్లీ చెప్పకూడదని వ్యాసాల్లో నేర్పిస్తారు, మాన్యువల్‌లో దానికి చోటు లేదు. ‘ద మేనేజర్ టోల్డ్ ద ఇంజినీర్ దట్ హిజ్ రిపోర్ట్ వాజ్ లేట్’ అని మెయిల్ వెళ్తే ఆలస్యం ఎవరి నెత్తిన పడుతుందో కూడా ఆలోచించండి. నన్నడిగితే ‘హిజ్’, ‘దెయిర్’ తగువు కన్నా ఈ సందిగ్ధమే పెద్ద సమస్య. ఈ రంగంలో పనిచేసేవాళ్లు రోజూ చూసుకునేది దీన్నే.

మైక్రోసాఫ్ట్, గూగుల్ తమ టెక్నికల్ రచయితల కోసం తయారుచేసిన స్టైల్ గైడ్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రొనౌన్ల గురించి వాటిలో ఉన్న భాగాలు చదవండి. వాడేవాళ్లను ‘ద యూజర్’ అనకుండా నేరుగా ‘యు’ అని సంబోధించమని రెండూ చెబుతాయి. ఆ ఒక్క మార్పుతో ‘హీ’నా, ‘షీ’నా, ‘దే’నా అన్న ప్రశ్న చాలా చోట్ల పుట్టనే పుట్టదు. తప్పనిసరైన చోట ఒక్కరి గురించి ‘దే’ వాడటానికి రెండూ ఒప్పుకుంటాయి.

పైచదువుల ఆలోచన కూడా ఉంటే ఇంకో మాట. విదేశాల్లో చదవాలనుకునేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో నాలుగు అంశాలకు సమానంగా మార్కులు ఉంటాయి. ప్రొనౌన్ తప్పయితే గ్రామర్ అంశంలో నష్టం. అది దేన్ని సూచిస్తుందో తెలియకపోతే వాక్యాల పొందికను చూసే అంశంలోనూ నష్టమే. మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో మాత్రం 2023 చివర్లో వచ్చిన కొత్త రూపంలో వాక్యాలు సరిదిద్దే విభాగాన్ని తీసేశారు. దానికోసం పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చోకండి.

ఈ నెల రోజులూ కొత్త పుస్తకం ఏదీ తెరవకుండా, మీరు ఇప్పటికే రాసిన వ్యాసాలు, మెయిళ్లు తీయండి. రోజుకో పేజీ చాలు. ప్రతి ‘ఇట్’, ‘దే’, ‘హిజ్’, ‘దెయిర్’, ‘దిస్’ చుట్టూ గీత గీసి, ‘ఎవరిది? దేనిది?’ అని అడిగి, జవాబుగా వచ్చిన పేరు దాకా బాణం గీయండి. బాణం రెండు పేర్ల మధ్య ఊగినా, ఎక్కడికీ చేరకపోయినా ఆ వాక్యాన్ని తిరగరాయండి. మొదటి రోజు పేజీకి అరగంట పట్టవచ్చు, అది మామూలే. ఆ తర్వాత మీ ఇంట్లో ఉన్న ఏదైనా యంత్రాన్ని ఎలా వాడాలో ఒకటిన్నర పేజీలో రాసి, ఇంతకుముందు దాన్ని ముట్టుకోని మనిషి చేతిలో పెట్టండి. మీరు పక్కన నిలబడి నోరు మెదపకూడదు. ఆ మనిషి ఎక్కడ ఆగి ‘ఏది?’ అని మీ మొహం చూస్తారో అక్కడ సరిదిద్దండి. అలా రెండు మూడు చేతులు మారిన ఆ పేజీన్నరనే అప్లికేషన్‌తో పాటు శాంపిల్‌గా జతచేసి పంపండి.