మెయిల్ తెరిచిన సంగతి వాళ్లకెలా తెలిసింది?

ప్ర: ఓ లోన్ కంపెనీ మెయిల్ పంపింది. తెరిచి చూసి వదిలేశాను, ఏ లింకూ నొక్కలేదు. గంట తిరక్కుండానే ఫోన్: "మా మెయిల్ చూశారు కదా సార్, ఏమంటారు?" అని. నా ఫోన్‌లో ఏమైనా దూరిందా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జ: ఏదీ దూరలేదండీ. మీ సంగతి చేరవేసింది ఆ మెయిల్‌లో ఉన్న ఒక బొమ్మ అయి ఉంటుంది. ఒక పిక్సెల్ (తెర మీది అతి చిన్న చుక్క) వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు, రంగు లేదు. ఫైలు 43 బైట్లకు మించనక్కర్లేదు. అది మెయిల్‌తో పాటు రాదు; మీరు తెరిచినప్పుడే పంపినవాళ్ల సర్వర్ (ఫైళ్లు అందించే కంప్యూటర్) నుంచి దిగుతుంది. దాని చిరునామాలో మీ ఒక్కరికే కేటాయించిన నంబరు ఉంటుంది కాబట్టి, ఆ బొమ్మ కావాలని సర్వర్‌కు కబురు వెళ్లిందంటే తెరిచింది మీరేనని లెక్క. ఫోన్ నంబరు మాత్రం బొమ్మ చెప్పలేదు. అది ముందే వాళ్ల లిస్టులో మీ మెయిల్ ఐడీ పక్కన ఉంది.

2013 చివరి నుంచి జీమెయిల్ బొమ్మల్ని గూగుల్ సర్వర్ల మీదుగా తెప్పిస్తోంది. అందువల్ల మీ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) అవతలికి పోదు గానీ, తెరిచిన సంగతీ సమయమూ పోతాయి. ఇన్‌కాగ్నిటోలో (బ్రౌజర్ హిస్టరీ దాచుకోని విండోలో) చదివినా ఇంతే.

ఆపాలంటే కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి గేర్ గుర్తు, సీ ఆల్ సెట్టింగ్స్, జనరల్, ఇమేజెస్ వరుసలో 'ఆస్క్ బిఫోర్ డిస్‌ప్లేయింగ్ ఎక్స్‌టర్నల్ ఇమేజెస్' ఎంచుకోండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పేజీ అడుగుకు వెళ్లి 'సేవ్ చేంజెస్' నొక్కకపోతే మార్పు నిలవదు. రెండు అకౌంట్లుంటే రెండింటికీ విడివిడిగా చేయాలి. ఇక బ్యాంకు మెయిళ్లలో లోగోలు కనిపించవు, కంగారు పడకండి. అవసరమైనప్పుడు ఆ ఒక్క మెయిల్‌కే బొమ్మలు చూపించమనండి. వీళ్ల బొమ్మలు ఎప్పుడూ చూపించమనే 'ఆల్వేజ్' జోలికి పోవద్దు.

లింకులది వేరే దారి. బొమ్మలు ఆపినా, లింకు నొక్కితే ముందు వాళ్ల సర్వర్‌కు వెళ్లి, లెక్క రాయించుకుని, అప్పుడు అసలు పేజీకి పోతారు. ముక్కూ మొహం తెలియని కంపెనీ మెయిల్ అడుగున ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ కూడా అలాంటి లింకే. ఆ లింకు నొక్కకుండా మెయిల్‌నే స్పామ్‌లో వేయడం మేలు. స్పామ్ ఫోల్డర్‌లో జీమెయిల్ బొమ్మల్ని తనంతట తాను చూపించదు.

లిస్టు ఎవరు అమ్ముకున్నారో పట్టుకునే ఉపాయం ఒకటుంది. ఎక్కడైనా మెయిల్ ఐడీ ఇచ్చేటప్పుడు, జీమెయిల్ అయితే, 'ఎట్' గుర్తుకు ముందు ఒక ప్లస్, ఆ షాపు పేరు కలిపి ఇవ్వండి. మెయిల్ మీ ఇన్‌బాక్స్‌కే వస్తుంది. ఆ పేరుతో వేరేవాళ్లు రాస్తే దొంగ దొరికినట్టే. కొన్ని సైట్లు ప్లస్ ఒప్పుకోవు, అక్కడ కుదరదు.

ప్ర: ఉండేది సిరొంచలో. వెబ్‌సైట్లలో యాడ్లు మాత్రం హైదరాబాద్ షాపులవి. ఒకసారి మోటార్ పంపు చూశానో లేదో, వారం రోజులు అదే యాడ్!
— ఒక పాఠకురాలు, గడ్చిరోలి జిల్లా

జ: ఇవి రెండు వేర్వేరు సంగతులమ్మా. ఊరిని ఐపీ అడ్రస్ బట్టి ఊహిస్తారు. మొబైల్ డేటాలో ఆ అడ్రస్ మీ టవర్‌ది కాదు, కంపెనీ నెట్‌వర్క్ ఇంటర్నెట్‌తో కలిసే నగరానిది. గోదావరి అవతల, తెలంగాణలో తీసుకున్న సిమ్ అయితే హైదరాబాద్ అని చూపడం సహజమే. దాన్ని సరిచేయకండి, తప్పు ఊరు తెలిస్తే మీకే మంచిది.

పంపు వెంటబడటం మాత్రం చాలావరకు థర్డ్ పార్టీ కుకీల పని, అంటే మీరు చూసే సైటు కాక యాడ్ కంపెనీల్లాంటి వేరేవాళ్లు మీ బ్రౌజర్‌లో పెట్టే గుర్తింపు చీటీలు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద వాటిని బ్లాక్ చేయండి. ఫైర్‌ఫాక్స్ అయితే ట్రాకింగ్ ప్రొటెక్షన్‌ను 'స్ట్రిక్ట్'లో పెట్టండి. ఏదైనా పేమెంట్ పేజీ మొరాయిస్తే ఆ సైటు వరకే సడలించి, పని కాగానే మళ్లీ బిగించండి.